పెన్ను కింద పెట్టండి

మొన్న బ్యాంకులో ఒక ఫారం చేతికిచ్చారు. మేము పక్క వీధిలోకి ఇల్లు మారాం, చిరునామా మార్పించుకుందామని వెళ్లాను. పేరు, ఊరు, పిన్‌కోడు అన్నీ నింపి చివరి గడి దగ్గర ఆగిపోయాను. ‘కారణం వివరించండి’ అని ఉంది. దేనికి కారణం? ఇల్లు మారినందుకా, మారి ఆరు నెలలైనా ఇన్నాళ్లూ రానందుకా? వివరించమన్నారు సరే, గడి చూస్తే రెండు మాటలకు మించి పట్టేలా లేదు. అలవాటు కొద్దీ పెన్నుకు మూత పెట్టి బల్ల మీద పెట్టేశాను. కౌంటర్‌లో అమ్మాయి జాలిగా చూసి, “పెన్ను రాస్తలేదా అంకుల్? ఇగో, నాది తీసుకోండ్రి” అంది. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయాను. ఫారం మడిచి జేబులో పెట్టుకుని ఇంటిదారి పట్టాను. దారంతా నా శిష్యురాలు ఒకతె గుర్తొస్తూనే ఉంది.

మాది సిద్దిపేట వైపు. బదిలీ మీద జహీరాబాద్ వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. నేను వచ్చిన కొత్తలో పదో తరగతి పిల్లలకు మాటల కరువేమీ లేదు, ఉన్నదల్లా తొందర. ప్రశ్నపత్రం చేతిలో పడీ పడకముందే పెన్ను పరుగెత్తేది. రక్తదానం మీద కరపత్రం రాయమంటే ఒకడు నాలుగు రోజులు సెలవు కావాలని లేఖ రాశాడు. మరొకడు ఏది అడిగినా బట్టీ పట్టిన పర్యావరణ వ్యాసమే అప్పజెప్పేవాడు. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. మొదటి ఐదు నిమిషాలూ పెన్నులన్నీ మూతలు పెట్టి బెంచి అంచున ఉండాలి. చేతిలో పెన్సిల్ మాత్రమే. ఏమి అడిగారు, ఎవరికి రాయమన్నారు, ఎంత రాయమన్నారు, ఈ మూడు మాటల చుట్టూ గీత గీయాలి. రాయికోడ్, మొగుడంపల్లి ఆటోలు దిగి ఆలస్యంగా వచ్చేవాళ్లు కూడా రొప్పుతూనే ఆ ఐదు నిమిషాలూ కూర్చోవలసిందే. ఒకసారి హెడ్‌మాస్టరుగారు కిటికీలోంచి చూసి, పిల్లలకు ఏదో శిక్ష వేశాననుకున్నారు. మా ఆవిడైతే, “కొత్తిమీర తెమ్మంటే ఎందుకు, ఎవరికి, ఎంత అని అడిగే మనిషితో నేనెట్ల వేగాలె?” అని ఇప్పటికీ దెప్పుతుంది. అయినా నా పద్ధతి మీద నాకు మహా గర్వం.

దారంతా గుర్తొచ్చిన ఆ పిల్లది ఝరాసంగం అవతల చిన్న ఊరు. నాయనమ్మతో కన్నడం, ఆటోలో ఉర్దూ, నాతో తెలుగు, మూడూ గలగలా మాట్లాడేది. నోటుబుక్కు చివరి పేజీలో జూనియర్ కాలేజీ వేళకు అందే బస్సుల టైములు రాసి పెట్టుకుంది. నేను చెప్పిన పద్ధతిని నాకంటే ఎక్కువగా నమ్మింది కూడా తనే. పెద్ద పరీక్షకు ముందు జరిగే ప్రీఫైనల్‌లో ‘మీ ప్రాంతపు పండుగను వివరిస్తూ మీ మిత్రురాలికి లేఖ రాయండి’ అని వచ్చింది. తన ప్రశ్నపత్రం మీద గీతలు ముచ్చటగా ఉన్నాయి. జవాబు కాగితం మీద మాత్రం ‘ప్రియమైన’ అని ఒక్క మాట, ఆ కింద అంతా తెలుపు. సగం పరీక్ష అక్కడే కూర్చుందట. మిగిలిన ప్రశ్నలకు సమయం చాలక తెలుగులో తప్పింది.

పిలిచి అడిగాను. “ఎవరికి అన్న కాడ గీత గీసిన సార్. నా దోస్తు పక్క బెంచిల్నే ఉంటది. మాది ఒక్కటే ఊరు. ఎల్లమాస పండుగ నాడు ఇద్దరం ఒక్క చేన్లనే బజ్జి, రొట్టె తిన్నం. దానికి ఎరికైన ముచ్చట మళ్ల దానికే ఏమని రాయాలె?” అంది. ఎవరినైనా ఊహించుకోమన్నాను. “ఎవర్ని సార్?” అని నిజంగానే అడిగింది. అసలు ఆ లేఖ చదివేది పేపర్లు దిద్దే ఎవరో ఒక మాస్టారు. ఆ మాట చెబితే ‘ఎవరికి’ అని నేను గీయించే గీతకు అర్థమే లేదు. చెప్పకపోతే పిల్ల మళ్లీ తెల్లకాగితమే ఇస్తుంది. ఆ రోజు పట్టిన అయోమయం నన్ను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

రెండు రోజుల తర్వాత వాళ్ల నాయన వచ్చాడు. తువ్వాలకు జొన్న చొప్ప అంటుకుని ఉంది, కోతల నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. “లెక్కలల్ల తప్పితే నేనేమనకపోదు సార్. మాటలల్ల తప్పుడేంది? ఊర్ల అందరికంటే ఇదే ఎక్కువ మాట్లాడ్తది. పెద్ద పరీక్షల గిట్లనే తప్పితె ఇగ సదువు బంద్. చేన్ల మస్తు పనున్నది” అన్నాడు. కోపంగా అంటే నేనూ ఏదో ఒకటి అందును. ఆయన మామూలుగా అన్నాడు. నాకు భయమేసింది. ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి నోటుబుక్కు మూలలు మడుస్తూ ఉంది.

తెలుగు పరీక్ష రోజున సెంటర్ గేటు దగ్గర దాన్ని పట్టుకున్నాను. ఆ భయంలో ఏమన్నానంటే, “ఈ ఒక్కరోజుకు నేను చెప్పిందంతా మరిచిపో తల్లీ. కాగితం రాగానే ఎవరో ఒకరికి రాసెయ్యి, ఆలోచించకు” అన్నాను. అది నా మొహంలోకి చూసి, “మరి గిన్నొద్దులు చెప్పింది ఉత్తదేనా సార్?” అంది. గంట కొట్టారు. వెళ్లిపోయింది. పరీక్ష అయ్యేదాకా ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుని ఆ ప్రశ్ననే నంజుకున్నాను.

బయటికి రాగానే నా దగ్గరికే వచ్చింది. “పెన్ను కింద వెట్టిన సార్” అంది. ‘మీ ఊరి విశేషాలు తెలుపుతూ మిత్రునికి లేఖ’ అడిగారట. “మా ఊరి సంగతి ఏం ఎరుక లేనోళ్లు ఎవరున్నరా అని చూసిన. నాకు తెలిసినోళ్లల్ల మీరొక్కలే. ఎల్లమాస గురించి మీకే రాసిన. పేర్లు రాయొద్దన్నరు గద, ఉత్తగ ‘సార్’ అని రాసిన. తప్పయితదా?” అని అడిగింది. మిత్రునికి అన్నచోట మాస్టారికి రాస్తే మార్కులు వేస్తారో లేదో నాకు తెలియదు. ఏడవాలో నవ్వాలో అంతకన్నా తెలియలేదు. ఏటా ఎల్లమాసకు, అంటే ఆ చలికాలం అమావాస్య నాడు, నా తరగతి సగానికి సగం ఖాళీ. ఊళ్లవాళ్లంతా ఇంటిల్లిపాదీ చేలకు వెళ్లి, పూజ చేసి, అక్కడే తింటారని విన్నాను. హాజరు పట్టీలో గైర్హాజరు వేసి, మర్నాడు ఎక్కడ చచ్చారని తిట్టేవాణ్ణే గానీ, అక్కడ ఏం చేశారని ఒక్కరినీ అడగలేదు. “ఏం రాశావమ్మా?” అన్నాను. “రాసిచ్చిన గద సార్, మళ్ల చెప్పుడేంది?” అని నవ్వి ఆటో కోసం పరుగెత్తింది.

పాసయింది. కాలేజీలో చేరింది. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు బస్టాండులో సంచి తగిలించుకుని కనబడితే చేయి ఊపింది. నేను గెలిచానా, నా పద్ధతి గెలిచిందా, ఆ పిల్లే నాకు పాఠం చెప్పిందా అనేది ఇవాళ్టికీ తేల్చుకోలేదు. నాకు రాసిన ఆ ఉత్తరం మాత్రం నాకు రాలేదు. ఏ ఊళ్లోనో ఎవరో మాస్టారు చదివి, ఎర్ర సిరాతో మార్కులు వేసి, కట్టలో కట్టేసి ఉంటారు.

ఇంటికొచ్చి ఫారం చూపిస్తే మా ఆవిడ పెన్ను లాక్కుని గడిలో ‘ఇల్లు మారినాము’ అని రాసి నా చేతిలో పెట్టింది. రేపు ఇచ్చి రావాలి. బ్యాంకుకు వెళ్లే దారిలోనే ఝరాసంగం ఆటోలు ఆగుతాయి, డ్రైవర్లు రోజూ నన్ను చూసి “వస్తరా సార్?” అని పిలుస్తారు. ఆ పిల్ల పరీక్ష రాశాక ఎన్ని ఎల్లమాసలు వచ్చి వెళ్లాయో, ఒక్కసారైనా ఆ ఆటో ఎక్కలేదు.