అత్తమ్మ లెక్కపెట్టిన ఏడు రోజులు

మా అత్తమ్మకు బైబిల్లోని లేవీయకాండం అంటే ప్రాణం. అందరూ కీర్తనలు, సువార్తలు చదువుకుంటుంటే, ఈమె ఒక్కతే ఏ జంతువుకు డెక్క చీలిందో, ఏ చేపకు పొలుసు ఉందో చెప్పే పేజీలను నలిగిపోయేదాకా చదివింది. ధరూర్ వైపు, కృష్ణకు దగ్గరి ఊరు మాది. చేపలకు కరువు లేదు. ఒకసారి నా భర్త జెల్ల చేప తెస్తే గుమ్మంలోనే ఆపి, "పొలుసు లేనిదాన్ని నా గిన్నెల ఎయ్యకు" అని వెనక్కి పంపింది. నేను వనపర్తి పిల్లను. మా పుట్టింట్లో జెల్ల పులుసంటే పండగ. ఆ రోజు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

చేపల సంగతి ఎట్లాగో సర్దుకున్నాను. సర్దుకోలేనిది ప్రభువు బల్ల సంగతి. నెల మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు, దూరమున్నవాళ్లు, అంటే నెలసరిలో ఉన్న ఆడవాళ్లు, లేచి వరండాలో కూర్చోవాలి. అది పాస్టరుగారు పెట్టిన నియమం కాదు. స్త్రీల కూడికకు పెద్ద అయిన మా అత్తమ్మ పెట్టింది. పెళ్లయిన కొత్తలో ఉండబట్టలేక, "యేసయ్య ఇవన్నీ తీసేసిండు గద అత్తమ్మా" అన్నాను.

"ఆయన తీసేసిండు. నువ్వు తీసెయ్యకు" అంది.

తరువాత ఒక మధ్యాహ్నం ఇద్దరం పల్లికాయలు ఒలుస్తుంటే ఆమే నోరు విప్పింది. "మా చిన్నప్పుడు ఎంత కడుక్కున్నా మేం మైలోళ్లమే. చాయ్ గిలాస గూడ ఏరే పెట్టేటోళ్లు. గీ పుస్తకంల ఏముంది? తానం జెయ్యి, పొద్దుగూకితే శుద్ధమైతవ్ అని ఉంది. మాకు గట్ల చెప్పినోళ్లు ఇంకెవరున్నరు? ఆ మాట నేనెట్ల ఇడుస్త?"

ఆ రోజు నుంచి నేను వరండాలో కూర్చున్నా లోపల సణుక్కోవడం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

రెండేళ్ల కిందట ఉన్నట్టుండి అత్తమ్మ చర్చికి రావడం మానేసింది. ఒక ఆదివారం మోకాళ్ల నొప్పి అంది, ఇంకో ఆదివారం తల తిరుగుతోంది అంది. పాస్టరుగారితో మాటామాటా వచ్చిందేమోనని ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. ఆ రోజుల్లోనే వంటింటి కిటికీలో ఒక చిన్న డబ్బా కనిపించింది. రోజూ పొద్దున్నే అందులో ఒక చింతగింజ వేసేది. ఉపవాస దినాలు లెక్కపెడుతోందనుకున్నాను. గింజలు నాలుగయ్యేవి, ఐదయ్యేవి, మళ్లీ డబ్బా ఖాళీ అయ్యేది. "దొంగతనంగ ఏమన్న తింటున్నరా అత్తమ్మా, ఉపవాసం మళ్ల మొదటికొచ్చింది" అని ఆటపట్టించాను. ఆమె నవ్వలేదు. అప్పుడన్నా నాకు బుర్ర వెలగాల్సింది.

ఒక రోజు పత్తి చేను నుంచి తొందరగా వచ్చి చూస్తే, స్నానాల గది వెనక గుడ్డలు ఉతుకుతోంది. తొట్టిలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమెకు నెలసరి ఆగిపోయి పదేళ్లు దాటింది.

"మూడు నెలలాయె" అంది తల ఎత్తకుండా. "ఆగినంక ఏడు దినాలు లెక్కపెట్టుకోవాలె. ఏడు నిండితే తానం జేసి చర్చికొద్దామనుకున్న. ఐదోనాడు మళ్ల కనబడ్తది. నిండుత లేవు బిడ్డా."

నాకు ఒళ్లు మండిపోయింది. "దవాఖానకు పోవుడు ఇడిసిపెట్టి గింజలు లెక్కపెడ్తున్నరా?" అని అరిచాను. అరిచి, ఆ తడి నేల మీదే కూర్చుని ఏడ్చాను. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి, ప్రభువు వస్త్రపు చెంగు ముట్టిన స్త్రీ మాట ఎత్తాను.

"ముట్టింది గని, దాక్కొని ముట్టింది. భయపడుకుంట ముట్టింది" అంది.

"ఆయన దాక్కోనియ్యలె గద. నలుగుట్ల నిలబెట్టి బిడ్డా అని పిలిచిండు గద."

ఆమె గుడ్డలు పిండి ఆరేసింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి మంచి చీర కట్టుకుని, ఆధార్ కార్డు కవరు ఒళ్లో పెట్టుకుని ఆటో కోసం కూర్చుని ఉంది.

గద్వాలలో డాక్టరమ్మ పరీక్షలు చేసి, గర్భసంచి తీసెయ్యాలంది. లోపల ఉన్న గడ్డ మంచిదో చెడ్డదో తీసి చూస్తేగానీ చెప్పలేనంది.

ఆపరేషన్ రోజు పొద్దున నా భర్త మందులు తేవడానికి పోయాడు. మంచం మీద ఆకుపచ్చ గౌను వేసుకుని అత్తమ్మ చాలా చిన్నగా కనిపించింది. "నెత్తి మీద చెయ్యి పెట్టి జర ప్రార్థన జెయ్యి" అంది.

నాకు ఆ పొద్దునే నెలసరి వచ్చింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆమెతో అబద్ధం ఆడటం నా చేత కాలేదు.

"నేను దూరమున్న అత్తమ్మా."

ఆమె లెక్క ప్రకారం నేను ముడితే సాయంత్రం దాకా ఆమెకూ అశుద్ధమే. లోపల ఏమవుతుందో తెలియదు, సాయంత్రం ఉంటుందో లేదో తెలియదు. ఆపరేషన్ గది తలుపు వైపు కాసేపు చూసింది. తరువాత నా చెయ్యి తనే పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"నేను మాత్రం దగ్గరున్ననా? చెయ్యి తియ్యకు" అంది.

ఆమెకు ఇన్ని వాక్యాలు అప్పజెప్పిన నాకు ఆ క్షణంలో ఒక్కటీ గుర్తు రాలేదు. "దేవా, ఈమెను నాకు మళ్ల ఇయ్యి, ఇంటికి తీస్కపోత" అన్నాను.

ఇచ్చాడు.