మొదటి రోజు సంతకం

టక్, టక్, టక్. పైన చెక్క మీద చెక్క మోగింది.

గది వెచ్చబెట్టే బాయిలర్ బాగుచేయడానికి వచ్చి, నేలమాళిగలో దాని ముందు గొంతుక్కూర్చున్న క్లిఫ్టన్ మెసిక్, గొట్టంలో గాలి కొట్టుకుంటోందేమోనని చెవి ఆనించాడు. గొట్టం నిశ్శబ్దంగా ఉంది. పైనుంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"సభ్యులు దయచేసి కూర్చోవాలి."

ఎవరూ కూర్చున్న చప్పుడు కాలేదు.

ఆ గొంతు అతనికి తెలుసు. చిన్నప్పుడు ఫోను ఎత్తితే ముందుగా పలికేది అదే. వెర్నా లోఫ్లండ్ ఇరవై రెండో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరి మాటలన్నీ ఆమె వేళ్ళ సందుల్లోంచి పోయాయి. ఎవరి పెళ్ళి కుదిరిందో, ఎవరి పీచ్ పళ్ళ తోటను మంచు కాల్చేసిందో, ఆమె దాటించకుండా ఎవరికీ తెలిసేది కాదు. తీగ కలిపిన మరుక్షణం ఆమె తప్పుకునేది. మాట్లాడుకునేవాళ్ళు వేరే.

క్లిఫ్టన్ చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కాడు. నలభై కుర్చీల గది. కిటికీ అద్దాల మీద నవంబరు వాన. బల్ల వెనక నీలం ఉన్నికోటులో, చేతిలో సభ నడిపే చెక్క సుత్తితో వెర్నా నిలబడి ఉంది. మొదటి వరసలో విల్మర్ బరిస్ ఒక్కడే, ఎనభై ఎనిమిదేళ్ళవాడు, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోడ మీద జాన్ డికిన్‌సన్ పటం.

అమెరికా దేశమంతా 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళను తలుచుకుంటుంది. డోవర్ పక్కన ఈ చిన్న ఊళ్ళో, ఈ గదిలో కూడే సంఘం మాత్రం పెట్టనివాణ్ణి, ఈ డికిన్‌సన్‌ను తలుచుకుంటుంది. స్వాతంత్ర్యానికి ఇంకా వేళ కాలేదని నమ్మాడు, పెట్టలేదు. పిరికివాడన్నారు. ఆ తర్వాత అదే యుద్ధానికి తుపాకి పట్టుకుని తానే వెళ్ళాడు.

"బాయిలర్ వెలిగిందండీ. గంటలో గది వెచ్చబడుతుంది" అన్నాడు క్లిఫ్టన్.

"గంట మేముండొద్దూ!" విల్మర్ కళ్ళు చికిలించాడు. "ఒరేయ్, నువ్వు మెసిక్ వాళ్ళ రెండోవాడివి కదూ? మీ నాన్న నా ట్రాక్టరు పట్టుకెళ్ళి వాగులో దింపాడు."

"అది ముందే మునగడానికి సిద్ధంగా ఉందనేవాడండీ మా నాన్న."

"నోరు కూడా వాడిదే వచ్చింది. సరే, ఇలా వచ్చి ఈ పుస్తకంలో సంతకం పెట్టు. మీ నాన్న పాపం పోతుంది."

సంగతి క్లిఫ్టన్‌కు అక్కడే తెలిసింది. ఏటా జరిగే సభకు ముగ్గురు సభ్యులైనా ఉండాలి. వరసగా రెండేళ్ళు లేకపోతే సంఘం రద్దు, గది ఊరిది అవుతుంది. నిరుడు మూడో సభ్యురాలు యూనిస్ హోసియా ఆసుపత్రిలో ఉంది, ఇద్దరే వచ్చారు. ఈ ఆగస్టులో యూనిస్ పోయింది. ఇవాళ్టిది రెండో ఏటి సభ.

"ఎక్కడ పెట్టాలండీ?" క్లిఫ్టన్ కలం అందుకున్నాడు.

వెర్నా పుస్తకం మీద అరచెయ్యి పరిచింది. "ఇవాళ కాదు బాబూ."

"అదేంటండీ?"

"అడిగిన రోజున ఎవరూ పెట్టకూడదు. ఇంటికెళ్ళాలి. ఒక రాత్రి గడవాలి. వద్దనడానికి ఎన్ని కారణాలున్నాయో అన్నీ వెతుక్కోవాలి. అప్పుడు రావాలి. ఇక్కడ పేరున్న ప్రతివాళ్ళూ అలా వచ్చినవాళ్ళే. నేనైతే మూడు రాత్రులు తీసుకున్నాను."

"నిన్నటి తారీఖు వెయ్యవమ్మా!" విల్మర్ కసిరాడు. "ఆ డికిన్‌సన్ దిగొచ్చి చూస్తాడా ఏం?"

"ఆయన చూడడు. నేను చూస్తాను."

"మొండిఘటానివి వెర్నా. యాభై ఏళ్ళుగా చూస్తున్నా."

"నలభై ఆరు."

విల్మర్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆమె కూర్చుని పుస్తకంలో రాసింది. రాసినదాన్ని నిలబడి చదివింది. "హాజరు ఇద్దరు. సభకు చాలలేదు." పుస్తకం మూసింది.

బయట విల్మర్ కూతురు కారు హారన్ కొట్టింది. ఆయన లేచి, వెర్నా భుజం మీద చెయ్యి వేశాడు. "సరే, వచ్చే నెల మంగళవారం..." అని, మిగతాది మింగేసి వెళ్ళిపోయాడు.

నలభై ఆరేళ్ళుగా నెలకొక మంగళవారం. ఆ గదిలో మనుషులు ఆమె ముఖం చూసి మాట్లాడేవారు. మిగతా రోజులు ఆ ఒక్కరోజు దగ్గరికి నడిచొచ్చే దారిలా ఉండేవి. ఇక రేపటినుంచి దారి ఉంటుంది, ఎక్కడికీ పోదు.

వెనక బల్ల మీద పది మందికి సరిపడా వెర్నా వండి తెచ్చిన గిన్నె ఉంది. కోడిపులుసులో ఉడికించిన పల్చటి పిండిముక్కలు. క్లిఫ్టన్‌కు ఆకలి లేదు. అయినా కూర్చుని ఒక పళ్ళెం తిన్నాడు, మరొకటి అడిగాడు. ఆమె ఎదురుగా కూర్చుని, అతను నమిలే ప్రతి ముద్దనూ చూసింది. కిందినుంచి వేడి మెల్లగా ఎక్కుతోంది. ఖాళీ కుర్చీల చెక్క ఒక్కొక్కటే చిటపటమంటోంది.

"నేను రేపొచ్చి పెడతానండీ" అన్నాడు తలుపు దగ్గర.

"రేపటికి పెట్టడానికి ఏమీ ఉండదు నాయనా." ఆమె అతని కోటు కాలరు సరిచేసింది. "అయినా రాత్రికి ఆలోచించు. వద్దనిపిస్తే మా ఇంటికొచ్చి వద్దని చెప్పు. పెట్టాలనిపిస్తే, అప్పుడు కూడా వచ్చి చెప్పు. మధ్యాహ్నాలు నేనొక్కదాన్నే ఉంటాను."