బోంగ్‌ఛికి కట్టిన ఇల్లు

గాన్ బున్‌లియాంగ్ అన్నయ్య రోజూ తెల్లవారగానే పిండి జిగురు ఉడకబెట్టేవాడు. అది కాస్త చల్లారాక చిన్న తపేలాలోకి వంచుకుని, కుంచె పట్టుకుని మా వీధంతా ఒక చుట్టు తిరిగొచ్చేవాడు. రాత్రి సముద్రపు గాలికి ఎక్కడ ఏ కాగితం ఊడిందో చూసి అంటించేవాడు. గుమ్మాల మీది శుభాక్షరాల ఎర్ర కాగితాలు, గుడి ఉత్సవం ప్రకటన, తప్పిపోయిన పిల్లి బొమ్మ, ఎన్నికల్లో ఒకరినొకరు తిట్టుకున్న ఇద్దరి మొహాలు, అన్నిటికీ ఒకే జిగురు, ఒకే శ్రద్ధ. ఎన్నికలైన మరుసటేడు కూడా ఓడిపోయినాయన మా గోడ మీద నవ్వుతూనే ఉండేవాడు. ఇదేమిటని గెలిచినవాళ్ళు అడిగితే, ఊడింది కాబట్టి అంటించాననీ, ఓడిన సంగతి కాగితానికి తెలియదనీ చెప్పేవాడు.

ఆ తరువాత సముద్రం మీద కాచే మాత్సు అమ్మవారికి దణ్ణం పెట్టుకుని పనిలో కూర్చునేవాడు. పోయినవాళ్ళకు కాగితంతో ఇళ్ళు కట్టడం ఆయన పని. వెదురు బద్దలతో చట్రం కట్టి, రంగుకాగితాలు అంటించి, మనిషి ఎత్తు మేడ లేపేవాడు. కర్మనాడు దాన్ని తగలబెడితే అది అవతల ఉన్నవాళ్ళకు చేరుతుంది. పక్కకొట్లో అగరవత్తులు అమ్ముకునేదాన్ని కాబట్టి ఆ మేడల్లోకి ఏమేం సామాను ఎక్కిందో మొదటినుంచీ చూశాను. ఆయన తండ్రి కాలంలో పల్లకి పెట్టేవారు. తరువాత రేడియో వచ్చింది, టీవీ వచ్చింది, బట్టలుతికే మిషను వచ్చింది. ఇప్పుడు సెల్‌ఫోను పెడుతున్నారు, పక్కనే ఛార్జరు కూడా. ఛార్జరు మర్చిపోతే పెద్దాయన కలలోకొచ్చి అడుగుతాడని భయం. పల్లకి రోజుల నుంచి మారనిదల్లా గుమ్మానికి అటూ ఇటూ నిలబడే ఇద్దరు కాగితపు పనిమనుషులే.

అన్నయ్య భార్య పేరు బోంగ్‌ఛి. మావైపు ఆడపిల్ల మీద ఆడపిల్ల పుడితే పెట్టే పేరది. పుట్టింది కదా, ఎలాగోలా పెంచుదాంలే అని అర్థం. ఎలాగోలా పెరిగిన ఆ మనిషి జీవితమంతా మా రేవులో ఆల్చిప్పలు ఒలిచింది. చిప్పలు కోసి కోసి వేళ్ళ మీద గీతలుండేవి. తన గిన్నెలో మంచి మాంసం ఉంటే పక్కింటి ముసలమ్మ గిన్నెలోకి జారవిడిచి, నాకు పళ్ళు నొప్పి అనేది. ఆమె పళ్ళు ఎప్పుడూ నొప్పిగానే ఉండేవి.

ఆమె పోయేనాటికి అన్నయ్య నిచ్చెన మీంచి పడి, కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. కొడుకు సెంగ్‌హుయ్ పట్నంలో బస్సు నడుపుతాడు. అతనే పరుగున వచ్చి కర్మ జరిపించి, కార్ఖానాలో అచ్చువేసిన అట్ట ఇల్లొకటి కొనుక్కొచ్చి తగలబెట్టాడు. కిటికీలు కూడా తెరుచుకోవు దానికి. ఊరందరికీ మేడలు కట్టినవాడి పెళ్ళాం అట్టపెట్టెలో కాపురం పెట్టింది. కుమ్మరి ఇంట్లో ఓటికుండ అని ఊరు నవ్వుకుంది. అన్నయ్య ఆ మాటకు తలూపి, మూడో ఏటి కర్మకు తానే ఒక ఇల్లు కడతానన్నాడు.

ఏ ఇల్లు కట్టాలో ఆయనకు తెలుసు. బతికుండగానే ఆమెను అడిగాడట. ఆవిడ చెప్పింది నాకు చాలాసార్లు చెప్పేవాడు. "నాకు మేడలొద్దయ్యా, ఎవరు ఊడుస్తారు? ఈ ఇల్లే పంపు. కాకపోతే పొయ్యి మీద కారే ఆ రేకు ఒక్కటీ బాగుచేసి పంపు."

ఆ రేకు బాగుచేస్తానని ఆయన ప్రతి వానాకాలం అనేవాడు. ఆవిడ కూర గిన్నె పక్కన ఇంకో గిన్నె పెట్టుకుని వండేది.

మూడో ఏడు దగ్గరపడుతుండగా లౌ పెక్‌లాన్ అనే అమ్మాయి పట్నం మ్యూజియం నుంచి వచ్చింది. వచ్చేటప్పుడు పళ్ళ బుట్ట తెచ్చింది, చెప్పులు గుమ్మం బయటే విడిచింది. మంచి పిల్ల. వందేళ్ళ తరువాతివాళ్ళు మనం ఎలా బతికామో తెలుసుకునేందుకు ఒక కాగితపు మేడ కావాలనీ, బాగా ఉన్నవాళ్ళ కర్మకు కట్టే రకం కట్టమనీ అడిగింది. తగలబెట్టని ఇల్లు ఎవరికి చేరుతుందని అన్నయ్య అడిగాడు. చూడ్డానికి వచ్చిన అందరికీ చేరుతుందని ఆ పిల్ల చెప్పింది. ఆయన ఆలోచించి ఒప్పుకున్నాడు.

మేడ లేస్తున్నప్పుడు ఆ పిల్ల తరచూ వచ్చి కూర్చునేది. ఒకనాడు ఈ ఊళ్ళో పనిమనుషుల్ని పెట్టుకున్న ఇల్లు ఏదని అడిగింది. అన్నయ్య, నేను మొహమొహాలు చూసుకున్నాం. ఒక్కటీ లేదు.

"అయితే ఇవి మీరెలా బతికారో చెప్పవు తాతయ్యా," అంది, "ఏం లేక బతికారో చెబుతాయి."

"అంతే కాదమ్మాయ్," అన్నాను. "మేడలో ఆ కాళ్ళు పిసికే మిషను చూశావా? ఆ రకం మొదట, బతికుండగా అత్తగారికి పీట కూడా జరపని ఒక కోడలు ప్రత్యేకంగా చెప్పి చేయించింది."

పెక్‌లాన్ నవ్వి, ఆ కోడలి పేరు మాత్రం అడగలేదు.

ఆ మేడ పక్కనే అన్నయ్య బోంగ్‌ఛి ఇల్లు కూడా కట్టడం మొదలుపెట్టాడు. మోకాలెత్తు ఇల్లు, రేకుల కప్పు. లోపల ఒంటి పొయ్యి, ఆల్చిప్పలు ఒలిచే పీట, ఆమె కత్తి, ఆయన జిగురు తపేలా. గోడ మీద వానచారలు కూడా వేశాడు. అది చూసి పెక్‌లాన్ నేల మీద బోర్లా పడుకుని కిటికీలోంచి లోపలికి చూసింది. మేడ వద్దు, ఇదివ్వండి, ఇదే అసలైనది అని బతిమాలింది. అన్నయ్య ఒప్పుకోలేదు. అది ఒకరి ఇల్లనీ, ఆవిడ అక్కడ అట్టపెట్టెలో ఎదురుచూస్తోందనీ చెప్పాడు. ఆ పిల్ల మరి అడగలేదు.

మూడో ఏటి కర్మనాడు గుళ్ళో బోంగ్‌ఛి పేరు, వంశంలో పోయినవాళ్ళ పేర్లుండే పెద్దల పలకలో కలుపుతున్నారు. అన్నయ్యా నేనూ పురోహితుడి దగ్గరే ఉన్నాం. ఇల్లు తీసుకురమ్మని సెంగ్‌హుయ్‌ని పంపారు. అతను కొట్లోకి వెళ్ళి రెండిళ్ళూ చూశాడు. అమ్మకు ఇల్లు కడుతున్నానని తప్ప తండ్రి అతనికేమీ చెప్పలేదు, వాళ్ళింట్లో మాటలు తక్కువ. మేడేమో నిలువెత్తున మెరిసిపోతోంది. రెండోదేమో రేకుల కొంప, గోడల నిండా వానచారలు. కన్నతల్లికి రేకుల కొంప పంపే కొడుకు మా తీరంలో పుట్టలేదు. పాతకాలపు నమూనా ఏదో మ్యూజియంవాళ్ళు అడిగి ఉంటారనుకుని, బంధువుల్ని పిలిచి మేడను భుజాలకెత్తాడు. రేవు పక్క ఖాళీ స్థలంలో దించి, తల్లి పేరు రాసిన చీటీ తన చేత్తోనే తలుపు మీద అంటించాడు.

మేము వెళ్ళేసరికి నిప్పు పెట్టేశారు. మా దగ్గర ఇల్లు కాలుతున్నంతసేపూ అయినవాళ్ళంతా తెల్లతాడు పట్టుకుని చుట్టూ నిలబడాలి. తాడు తెగితే దిక్కులేని ఆత్మలు దూరి సామాను ఎత్తుకుపోతాయి. సెంగ్‌హుయ్ తాడు కొస తండ్రి చేతికి అందించాడు. అన్నయ్య చూశాడు. మొదటి అంతస్తు అప్పటికే పోయింది. ఆయన తాడు వదిలితే ఉన్నది కూడా ఆమెకు దక్కదు. వదల్లేదు. మొహాన వేడి కొడుతుంటే కదలకుండా నిలబడ్డాడు.

"పిలువు నాన్నా," అన్నాడు సెంగ్‌హుయ్. అతని కళ్ళు తడిగా, సంతోషంగా ఉన్నాయి. "అప్పుడు అట్టపెట్టె పంపానని రోజూ కుమిలిపోయాను. నువ్వు అమ్మకు ఇంత మేడ కట్టావు. పిలువు, వచ్చి తీసుకోమను."

అన్నయ్య పిలిచాడు. "బోంగ్‌ఛీ, ఇల్లొచ్చింది. వచ్చి తీసుకో."

నా పక్కన తాడు పట్టుకున్న ముసలమ్మ, బోంగ్‌ఛి మాంసం ముక్కలు తిన్న ఆవిడే, నా చెవిలో అంది. "అంత మేడ ఊడవలేక చచ్చిపోతుంది పాపం."

"పనిమనుషులున్నారుగా పిన్నీ."

"వాళ్ళకే వండిపెడుతుంది. నాకు పళ్ళు నొప్పి అంటుంది."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తాడు మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

కొన్నాళ్ళకు అన్నయ్య పురోహితుడి దగ్గరికెళ్ళి, చిన్న ఇల్లు కూడా పంపవచ్చా అని అడిగాడు. పేరు పలకలో కలిసిపోయింది కాబట్టి ఇక ఆమెకు ఇల్లు ఒక్కటే, పట్టా ఒక్కటే అన్నాడాయన. ఇప్పుడు రెండోది పంపితే కొడుకు పంపింది చేరలేదని తండ్రే చాటినట్టవుతుందని కూడా అన్నాడు. మంచి మాటే. అన్నయ్య లేచి దణ్ణం పెట్టి వచ్చేశాడు. కొడుక్కి ఏమీ చెప్పలేదు. మ్యూజియానికి మాత్రం ఫోను చేయించి, అడిగిన ఇల్లే ఇస్తాను రమ్మన్నాడు.

పెక్‌లాన్ వ్యాను తీసుకుని వచ్చింది. జరిగింది విని ఆ చిన్న ఇంటి పక్కనే నేల మీద కూర్చుంది. తరువాత మెల్లగా, కనీసం వందేళ్ళ తరువాతివాళ్ళకు ఉన్నది ఉన్నట్టు ఒక్కటైనా మిగులుతుందని అంది, ఆయన్ని ఓదార్చాలని.

"ఉన్నది ఉన్నట్టు కాదమ్మా," అన్నాడు అన్నయ్య. పొయ్యి పైన కప్పు మీద వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ మా రేకు కారేది. దీంట్లో కారదు."

వ్యాను వెనక తలుపు వేయబోతుంటే ఆయన ఆ పిల్లను పక్కకు పిలిచాడు. ఆ ఇంటికి పురుగు పట్టకుండా చల్లటి గదిలో పెడతామని ఆమె అదివరకే చెప్పింది. అదే మళ్ళీ చెప్పబోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కాగితమమ్మా. ఎప్పటికైనా పురుగు వస్తుంది. ఇంక పనికిరాదు, పారేద్దామని మీవాళ్ళు అంటారు చూడు, అప్పుడు చెత్తలో వేయనివ్వకు. అప్పటికి నేనుండను, కొడుకు పంపింది చేరలేదనేవాళ్ళూ ఉండరు. మీ పెరట్లోనే తగలబెట్టు. బోంగ్‌ఛీ, నీ పాతిల్లు వచ్చింది, రేకు బాగుచేశారు అని పిలువు. ఒక్కదానివే తాడు పట్టుకోలేవు తల్లీ. మీ వాచ్‌మన్నీ, గదులు ఊడ్చే ఆవిడనీ కూడా రమ్మను."