రాఘవేంద్ర డిష్షు, పుల్లన్న చీనీతోట

కుందుర్పిలో చదువుకున్నవాళ్లకు కొదవలేదు. కానీ చదివిన చదువును దేనికీ పనికిరాకుండా జాగ్రత్తగా కాపాడుకున్నవాడు రాఘవేంద్ర ఒక్కడే. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. కేబుల్ టీవీ గంగాధరప్ప పారేసిన పెద్ద డిష్షును మిద్దెమీద నిలబెట్టి, దానికి ఒక రిసీవరూ ముల్లున్న మీటరూ తగిలించాడు. సీరియళ్ల కోసం కాదు, పాలపుంతలో హైడ్రోజన్ వాయువు ఎక్కడెక్కడ ఉందో పటం గీయడానికట. అది లేక మా ఊరు ఎంత అల్లాడిపోతోందో ఆయనకే తెలియాలి.

ఆ వాయువు ఇరవై ఒక్క సెంటీమీటర్ల రేడియో అలను పంపుతుంది. మనవైపు వస్తుంటే అల కాస్త కుదించుకుంటుంది, అవతలికి పోతుంటే సాగుతుంది. ఆ తేడాను బట్టి వేగం, పాలపుంత తిరిగే తీరును బట్టి దూరం లెక్క కడతారు. ఒక్కోసారి ఒకే వేగానికి రెండు దూరాలు వస్తాయి, ఏది నిజమో తేలదు. వేల కాంతి సంవత్సరాలు అటూ ఇటూ అయినా ఆయన కంగారుపడేవాడు కాదు. కళ్యాణదుర్గం బస్సు కాస్త ఆలస్యమైతే మాత్రం చిందులు తొక్కేవాడు.

ఆయన్ని చదివించింది అన్న పుల్లన్న, బత్తాయిలు కాసే చీనీతోట రాబడితో. రెండువేల మూడు కరువులో ఆ తోటకే నీళ్లు కరువయ్యాయి. బోర్లన్నీ ఎండిపోయాయి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసేవాళ్లూ, వేపపుల్ల పట్టుకుని నడిచేవాళ్లూ వచ్చి, శుభ్రంగా భోజనాలు చేసి పోయారు. ఇంకొక్క బోరు వేయించే శక్తే మిగిలింది. అదీ తప్పితే తోట పోయినట్టే.

అప్పుడు పుల్లన్నకు తమ్ముడి చదువు గుర్తొచ్చింది.

"రాఘవా, నీళ్లల్లో హైడ్రోజన్ ఉండాదని నువ్వే చెప్పినావు కదప్పా. నీ మిషన్ను తోటకు తెచ్చి ఒకసారి కిందికి తిప్పు."

"అది వేరే అన్నా. నీళ్లల్లోది ఆక్సిజన్‌తో కలిసిపోయి ఉంటాది. నా మిషన్‌కు అది దొరకదు."

"యాడో ఆకాశంలోది దొరుకుతాదంట, అన్న తోటలోది దొరకదంట!" అంది వదిన రామలక్ష్మమ్మ.

ఈ వాదనకు ఊరంతా తలూపింది, నాతో సహా. మరునాడే డిష్షు ట్రాక్టరెక్కి తోటకు వచ్చింది. వదిన దానికి పసుపు పూసి బొట్టు పెట్టింది. రాఘవేంద్ర ముందు ఆకాశంవైపు పెట్టాడు. ముల్లు అడుగున పడుకుంది. కిందికి తిప్పాడు. ముల్లు ఒక్కసారిగా ఆ చివరికి పోయి కొట్టుకుంది.

మేం ఈలలు వేశాం. రెండో చోట కూడా తిప్పి చూద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. సైన్సంటే మాకు అంత నమ్మకం!

ముల్లు ఎందుకు లేచిందో ఆయనకు తెలుసు. చల్లటి ఆకాశం నుంచి వేడినేలకు తిప్పితే, కింద బండ ఉన్నా అంతే లేస్తుంది. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. ఇంతలో గంగాధరప్ప మొట్టమొదటిసారి "సార్" అన్నాడు, వదిన దండం పెట్టింది. అన్నేళ్లూ పిచ్చోడనిపించుకున్నవాడికి ఆ మర్యాద తియ్యగా ఉన్నట్టుంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

రిగ్గు లారీ వచ్చింది. సాయంత్రందాకా తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. అందరి నెత్తిమీదా పొడే. రాఘవేంద్ర ఓ మూల తల దించుకుని నిలబడితే, పుల్లన్నే వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం చేస్తావులేప్పా. మిషన్ సరిగ్గానే చూపించినాది. మన రాత బాగాలేకపాయ."

ఆ ఓదార్పును ఆయన తట్టుకోలేకపోయాడు.

"అన్నా, యాడ తిప్పినా ముల్లు అట్లే లేస్తాది. అది నేల వేడి. నీళ్లు కాదు."

పుల్లన్న చెయ్యి తీసేశాడు. "ముందే తెలుసునా నీకు?"

"తెలుసు."

అన్న తిట్టలేదు, కొట్టలేదు. కొడతాడేమోనని చూస్తున్న మాకే సిగ్గేసింది. మరునాడు పొద్దున్నే చీనీచెట్లు నరకడం మొదలుపెట్టాడు. సాయం చేద్దామని తమ్ముడు గొడ్డలి పట్టుకుని వచ్చాడు. పుల్లన్న అతని చేతిలోంచి గొడ్డలి తీసుకుని గట్టుమీద పెట్టాడు.

"ఈ చెట్లతోనే నిన్ను చదివించినాను. వీటిమీద నువ్వు గొడ్డలి వెయ్యాకు. ఇంటికి పో."