తూటాల బల్ల దగ్గర మా ఉస్తాద్

మా ఉస్తాద్ పోయారు. శుక్రవారం పొద్దున ఈ అరబ్బు దేశంలో, అల్ మన్సూరాలోని మా రూమ్‌లో బట్టలు పిండుకుంటుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. బందరు దగ్గర సొంత ఊళ్ళో, కాఫీ తాగి కుర్చీలో అలా ఒరిగిపోయారట. ఆమె ఏడుస్తూనే ఒక మాట అడిగింది. "నాన్న అక్కడ అసలు ఏం పని చేసేవారండీ? ఎప్పుడడిగినా రిపేర్లమ్మా అనేవారు." నేను చెప్పడం మొదలుపెట్టాను. చెబుతుంటే నా గొంతులోకి ఎక్కడలేని హుషారు వచ్చేసింది. చావు కబురు చెప్పిన ఫోన్లో ఇదేం మాటతీరని సిగ్గేసి మధ్యలో ఆగాను. "ఆపకండి, చెప్పండి" అంది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మెసైమీర్ దాటి బాగా బయటికి పోతే ఒక షూటింగ్ క్లబ్ ఉంది. సభ్యులు అక్కడ రివాల్వర్లతో కాగితపు గురి మీద పోటీలకు సాధన చేస్తారు. కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాలను ఏరి, కడిగి, మళ్ళీ మందూ సీసపు గుండూ పెట్టి సాధన తూటాలు చేసే చిన్న వర్క్‌షాప్ మాది. దానికి పెద్ద ఉస్తాద్. నాది జగిత్యాల జిల్లా. ఎనిమిదేళ్ళు స్కాఫోల్డింగ్ పైపులు బిగించినవాణ్ణి. క్లబ్బులో గ్యాలరీ కడుతున్నప్పుడు నన్ను చూసి అడిగి మరీ తన బల్ల దగ్గరికి తెచ్చుకున్నారు. ఎందుకు తెచ్చారని అడిగితే, "పైపు బిగించాక నువ్వు దాన్నోసారి ఊపి చూస్తావయ్యా. అది నేర్పితే వచ్చేది కాదు" అన్నారు.

చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోకుండా టీ గ్లాసు ముట్టుకుంటే ఒప్పుకునేవారు కాదు. "సీసం తాగుతావా, టీ తాగుతావా?" అని గద్దించేవారు. పెరుగన్నంలో పండుమిరప పచ్చడి లేనిదే ముద్ద దిగేది కాదు. ఇక పనిలో ఆయనకు ఒకటే పట్టు. "ఒకసారి ఒక్కటే మార్చు. రెండు మార్చావో, ఏది పనిచేసిందో నిన్ను పుట్టించినోడు కూడా చెప్పలేడు." నాకేమో అంతా ఇప్పుడే ఈ క్షణమే అయిపోవాలి. రోజుకు పదిసార్లు ఆ మాట తిన్నాను.

ఆయన దగ్గర చేరిన ఆరో నెలలో మా తూటాలు పిచ్చెక్కినట్టు పోవడం మొదలైంది. గురి కాగితం మీద గుండ్రటి చిల్లులు పడాల్సింది పోయి పొడుగాటి చీలికలు పడుతున్నాయి. గుండు ముక్కు ముందుకు పెట్టి పోవడం లేదు, దొర్లుకుంటూ పోయి పక్కవాటంగా తగులుతోంది. క్లబ్బు సభ్యురాలైన ఒక మేడమ్ పోటీ తొమ్మిది రోజుల్లో ఉంది. మేనేజర్ వచ్చి ఆ కాగితాన్ని నా ముఖం ముందు ఆడించాడు. బల్ల దగ్గర కొత్తవాణ్ణి నేనే కదా. "గురువారం లోపల తేల్చండి. లేదంటే నీ పని ఖలాస్, ఊరికి టికెట్ తీసుకో" అన్నాడు హిందీలో. ఇంటి దగ్గర సగం కట్టిన గోడలు కళ్ళ ముందు తిరిగాయి.

"ఏవిటలా నిలబడ్డావ్? పద, దొంగను పట్టుకుందాం" అన్నారు ఉస్తాద్. నిజంగానే దొంగను తరిమినట్టే ఉండింది ఆ మూడు రోజులూ!

మొదట అదే రివాల్వర్‌లో కంపెనీ తూటాలు కాల్పించారు. ఆరూ గుండ్రంగా పడ్డాయి. అంటే తప్పు రివాల్వర్‌ది కాదు. మా తూటాలను వేరే రివాల్వర్‌లో పెట్టించారు. మళ్ళీ చీలికలే. బ్యారెల్‌లో సీసం పేరుకుందేమోనని తళతళలాడేలా తోమాం. చీలికలే. డబ్బాలోని కొత్త గుండ్లను మైక్రోమీటర్‌లో పెట్టి కొలిచాను, ఒక్కటీ తేడా లేదు. బుధవారం మధ్యాహ్నానికి నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం మీసం దువ్వుకుంటూ, "బల్ల మీదికి వచ్చేదాకా బాగుంది. మన చేతిలోంచి పోయాక బాగోలేదు. మధ్యలో ఏం జరిగిందంటావ్?" అన్నారు. ఒక తయారైన తూటాను తీసి, సుత్తిలాంటి పనిముట్టులో బిగించి, టకటకా కొట్టి గుండును బయటికి ఊడబెరికారు. మైక్రోమీటర్ నాకిచ్చారు. "నువ్వే చదువు."

చదివాను. నమ్మలేక మళ్ళీ చదివాను. "సన్నగైంది ఉస్తాద్! గుండు సన్నగైంది!" అని అరిచాను.

"అదీ! మెత్తటి సీసం కదయ్యా, మనమే నలిపేస్తున్నాం" అంటూ ఆయన బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. ఇత్తడి గొట్టాలన్నీ గలగలమన్నాయి. గొట్టం మూతిని గుండు చుట్టూ నొక్కే డై ఒకటుంటుంది. అది మోతాదు మించి నొక్కితే లోపలి గుండు సన్నబడుతుంది. సన్నబడిన గుండు బ్యారెల్‌లోని మెలికల గాడులను పట్టుకోదు. పట్టుకోకపోతే సరిగ్గా గిరగిరా తిరగదు, దొర్లుతుంది. అంతే సంగతి! ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

అప్పుడు నా చూపు డై మీద పడింది. డై మీదొకటి, కింది చట్రం మీదొకటి తెల్ల గీతలుంటాయి. రెండూ ఎదురెదురుగా రావాలి. ప్రతి ఆదివారం దాన్ని సర్దేది ఉస్తాదే, నేను లీవర్ లాగడం వరకే.

"ఏం చూశావ్? చెప్పు."

"గీత సగం సుట్టు ముందటికి పోయింది ఉస్తాద్."

ఆయన వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. మైక్రోమీటర్ ఎప్పుడూ నా చేతికే ఎందుకిచ్చేవారో అప్పుడు తెలిసింది. నాకు నేర్పడానికనుకుంటూ వచ్చాను. ఆయనకు అంకెలు కనబడటం లేదు.

"నేను ఎవ్వరికి చెప్ప ఉస్తాద్. డై పాతదైంది అందాం" అన్నాను.

"నోర్ముయ్" అన్నారు. ఆయన నన్నలా అనడం అదొక్కసారే. నేరుగా మేనేజర్ దగ్గరికి నడిచారు, వెనకాలే నేను. "ఈ అబ్బాయి తప్పేం లేదు. డై తిప్పింది నేను. మూడు నెలలుగా నాకు గీత కనబడటం లేదు, దాచాను" అని తన వంకర హిందీలో చెప్పారు. ఆ మాటతో తన టికెట్ తానే తీసుకుంటున్నానని ఆయనకు తెలుసు. నెల తిరిగేసరికి ఆయన్ను ఇంటికి పంపించారు. నేను ఇంకా అదే బల్ల దగ్గర ఉన్నాను. ఈ ముద్ద ఆయన పెట్టిందే. ఆ సంగతి ఆయనకు సరిగ్గా చెప్పుకోలేకపోయినందుకు కుమిలిపోతున్నాను.

దొంగ దొరికిన మర్నాడు, గురువారం, గీతలు కలిపి డై బిగించి కొత్త తూటాలు చేసింది నేను. ఆయన పక్కన కూర్చుని ఒక్క మాట సాయం చెయ్యలేదు. మేడమ్ ఆరు తూటాలు కాల్చింది. కాల్పులు ఆపి లైను ఖాళీ చేశామని కేక వినబడగానే ఎండలో ఉరికాను. కాగితం చూడగానే అరుచుకుంటూ వెనక్కి ఉరికొచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కళ్ళ దగ్గరికి తీసుకోలేదు. బల్ల మీద పరిచి, ఒక్కో గుండ్రటి చిల్లు అంచు చుట్టూ చూపుడు వేలు మెల్లగా తిప్పారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరోదాని చుట్టూ రెండుసార్లు తిప్పారు.