బరంపురంలో ఎడమచేతి రైఫిల్

రైఫిల్ కొనడానికి ఒడిశా వెళ్తున్నామంటే మా గరివిడి వీధిలో నన్ను ఎగాదిగా చూడని వాళ్లు లేరు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఇది పది మీటర్ల దూరంలో కాగితం మీద చుక్కను కొట్టే ఎయిర్ రైఫిల్. పోటీలకు వాడేది. దీనికి లైసెన్సు అక్కర్లేదని కోచ్ చెప్పాడు. బిల్లు, పిల్ల పేరున్న షూటింగ్ సంఘం కార్డు మాత్రం ఎప్పుడూ దగ్గరుండాలట.

మా అమ్మాయి ఎస్తేరు ఇంటర్ రెండో ఏడు. రెండేళ్లుగా విజయనగరంలో ఒక క్లబ్బులో నేర్చుకుంటోంది. అక్కడ ఆరుగురు పిల్లలకు ఒకటే రైఫిల్. మూడు నెలలుగా మా పిల్ల స్కోరు అంగుళం కదల్లేదు. వచ్చే నెలే రాష్ట్ర జట్టు ఎంపికలు. "ఈసారీ రాకపోతే మానేస్తానమ్మా" అంది ఒకరోజు అన్నం తింటూ. ఏడ్చి చెబితే ఊరుకోబెట్టేదాన్ని. మామూలుగా చెప్పేసరికి నాకు భయం వేసింది. సొంత రైఫిల్ ఉంటే తేడా వస్తుందన్నాడు కోచ్. మన వైపు డీలర్లు ఆరు నెలలు ఆగమన్నారు. బరంపురంలో పాత్రో గారనే పెద్దాయన వాడిన రైఫిళ్లు అమ్ముతారని తెలిసి ఫోన్ చేస్తే, ఒకటి పక్కన పెడతానన్నారు.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి ఆటో ఎక్కాం. విజయనగరం స్టేషన్లో ఇడ్లీ తిని ఆరూ పదికి రైలెక్కాం. స్లీపర్లో ముందే రిజర్వు చేయించాను, మీరూ చేయించుకోండి. జనరల్లో వెళ్తే వచ్చేటప్పుడు పెట్టెతో నలిగిపోతారు. పలాసలో ఒకావిడ జీడిపప్పు సంచితో ఎక్కి మా ఎదుట కూర్చుంది.

"ఎక్కడికమ్మా తల్లీకూతుళ్లు? పెల్లి బట్టలకా?"

"తుపాకీకి" అంది ఎస్తేరు.

ఆవిడ సంచి ఒళ్లోకి లాక్కుంది. నేను విషయం చెప్పాక మాత్రం గుప్పెడు జీడిపప్పు పిల్ల చేతిలో పోసి, "బాగా కొట్టమ్మా. మా ఊరోల్లకి కూడా సెప్పుకుంటాను" అంది.

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో పడ్డాం. పది కావస్తుండగా బరంపురంలో దిగాం. భాష గురించి బెంగ వద్దు, ఊళ్లో సగం మంది తెలుగు మాట్లాడతారు. ఆటోవాడు కూడా బేరం తెలుగులోనే ఆడాడు, గట్టిగానే ఆడాడు.

పాత్రో గారి దుకాణం మేడ మీద ఉంది. మనిషికి డెబ్బై ఉంటాయి. ఒకప్పుడు ఆయనా పోటీలకు వెళ్లినవాడే. మా కోసం ఉంచిన రైఫిల్ తీసి బల్ల మీద పెట్టారు గానీ, నేను సంచిలో చెయ్యి పెట్టబోతే ఆపారు.

"ఉండమ్మా. ముందు పిల్ల కళ్లు సూడాల."

కొనడానికొచ్చిన ప్రతి పిల్లకీ ఆయన ఈ పరీక్ష పెడతారట. రెండు చేతులూ చాచి, బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి చిన్న కిటికీలా చేసి, అందులోంచి గోడ గడియారం చూడమన్నారు. తర్వాత ఒక్కో కన్నూ మూయమన్నారు. కుడికన్ను మూస్తే గడియారం అక్కడే ఉంది. ఎడమకన్ను మూస్తే కనపడకుండా పోయింది.

"నీకు గురి సూసేది ఎడమ కన్నమ్మా. ఇన్నాల్లూ కుడి కంటితో కొడతన్నావు. సిన్నప్పుడు నీది ఏ సెయ్యి?"

పిల్ల నా వైపు చూసింది. "కుడే" అన్నాను నేను, ఠక్కున.

"ఎడమేనండి. మా అమ్మ మానిపించింది" అంది ఎస్తేరు.

నా మొహం మాడిపోయింది. నిజమే మరి. దానికి నాలుగేళ్లప్పుడు ఎడమచేత్తో ముద్ద ఎత్తితే మా అత్తగారు అన్నం వదిలి లేచిపోయేవారు. నేనా, ఒకటో తరగతి టీచర్ని. నా కూతురే ఎడమచేత్తో పలక పడితే బళ్లో పరువేముంటుందని ఆ చేతికి రుమాలు కట్టి కూర్చోబెట్టాను. అది ఏడుస్తున్నా విప్పలేదు. అప్పుడు మంచిపనే చేశాననుకున్నాను.

పాత్రో గారు లోపలికెళ్లి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి తెచ్చారు. ఎడమచేతి వాటం వాళ్ల రైఫిల్. అడిగేవాళ్లు లేక రెండేళ్లుగా పడి ఉందట. దుకాణం వెనక పొడుగాటి వరండా చివర కాగితం కట్టి, రెంటితోనూ కొట్టి చూడమన్నారు.

కుడిచేతి రైఫిల్‌తో పది గుళ్లు కొట్టింది. ఎప్పుడూ వచ్చే స్కోరే వచ్చింది. ఎడమ భుజానికి మార్చాక మొదటి మూడు గుళ్లూ కాగితానికే తగల్లేదు. ఎంపికలు నెల రోజుల్లో పెట్టుకుని ఇప్పుడు భుజం మార్చడమేమిటి?

"అలవాటైందే తీసుకుందామే" అన్నాను.

"ఉండమ్మా" అంది, కన్ను తియ్యకుండా.

తర్వాత ఏడు గుళ్లు కాగితం మీద పడ్డాయి, అక్కడొకటి ఇక్కడొకటి. ఇంకో పది కొడతానంది. చివరి నాలుగూ నడి చుక్కకు దూరంగానే పడ్డాయి గానీ ఒకదాని పక్కనొకటి పడ్డాయి. ఆయన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఈ నాలుగూ ఎంత దగ్గిరగా ఉన్నాయో సూడమ్మా. మజ్జిలోకి తేవడం ఎవరైనా నేర్పుతారు. ఇలాగ ఒక్కసోట కొట్టడం నేర్పితే రాదు."

"ఇదే తీసుకుందామమ్మా" అంది ఎస్తేరు. నేను డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. బిల్లు మీద దాని పేరే రాయించాను.

దగ్గర్లో మెస్సులో అన్నం, దాల్మా అనే కూరగాయల పప్పు తిని ఒకటిన్నర రైలు అందుకున్నాం. స్టేషన్లో పోలీసు పెట్టె తెరిపించి, బిల్లూ కార్డూ చూసి, పిల్లకి ఆల్ ది బెస్ట్ చెప్పి పంపాడు. ఎదుటి సీట్లో ఒకాయన పెట్టె చూసి "ఇది వీణా అమ్మా?" అని అడిగితే ఈసారి మేమిద్దరం అవునన్నాం.

సోంపేట దాటాక ఇక ఉండబట్టలేక అన్నాను. "తప్పు నాదేనే. సిన్నపిల్లవని నీ మాట వినలేదు."

ఎస్తేరు నా వైపు తిరిగింది. "నన్ను కుడికి మార్సడానికి నీకు ఎన్నాల్లు పట్టింది?"

"తొమ్మిది నెలలు."

"ఐతే నాకు నెల సాలు. నాకు వచ్చిందే కదా, మల్లీ పట్టుకోడమే."

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. నెలలో స్కోరు వస్తుందో రాదో ఆ దేవుడికే తెలియాలి. మీ పిల్లలకు కొనాలనుకుంటే బేరం మాట వెనక అడగండి, ముందు కన్ను చూపించండి. విజయనగరంలో దిగేసరికి ఐదైంది. మానేస్తానన్న పిల్ల పెట్టె నన్ను ముట్టుకోనివ్వకుండా తనే మోసుకుంటూ, రేపు ఎన్నింటికి లేపుతావని అడిగింది. ఐదింటికన్నాను. నాలుగున్నరకే లేపమంది.