మద్రాసు పార్టీ, చాట్రాయి కలెక్టర్లు

స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో మా నూజివీడులో ఇంగ్లీషు మాటలకి ఒక సౌకర్యం ఉండేది. ఏ ఇంట్లో అడుగుపెడితే ఆ ఇంటివాళ్ల అవసరానికి తగ్గట్టు అర్థం మార్చుకునేవి, ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ‘పార్టీ’ అన్న మాటనే తీసుకోండి. మా వీధి చివర ప్లీడరుగారింట్లో పార్టీ అంటే వ్యాజ్యం వేసిన మనిషి. ఏ ఆఫీసరుకో బదిలీ అయితే పార్టీ అంటే జీడిపప్పు ఉప్మా, కాఫీ, ఒక పూలదండ. సంబంధాలు కుదిర్చే మా మేనత్త నోట్లో పార్టీ అంటే పెళ్లికొడుకు తాలూకువాళ్లు (“పార్టీ మంచిదే గానీ పిల్లాడికి కాస్త మెల్ల”). మా పెదనాన్నకి మామిడికాయల మండీ ఉండేది. ఆయనకి పార్టీ అంటే పైఊళ్లనుంచి సరుకు కొనడానికి వచ్చే వర్తకుడు. ఇవన్నీ పోగా ఇంకో పార్టీ ఉండేది. దానికి కమ్యూనిస్టు అన్న ముందుమాట కూడా అక్కర్లేదు, గొంతు తగ్గించి ‘పార్టీ’ అంటే అదే. సర్కారుకీ దానికీ అప్పట్లో పడటం లేదు. పల్లెల్లో ప్రత్యేక పోలీసులు దిగారు. వాళ్లకి మన భాష రాదు. కుర్రాళ్లని లారీ ఎక్కించి తీసుకుపోయేవారు. కొందరు తిరిగొచ్చేవారు, కొందరి సంగతి తెలిసేది కాదు.

నేను అప్పుడే స్కూలు ఫైనలు గట్టెక్కి, పెదనాన్న మండీలో గుమాస్తాగా చేరాను. మా ఇంటావంటా లేని చదువు కాబట్టి ఆయన వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, “మావాడు కలలు కూడా ఇంగ్లీషులోనే కంటాడండీ” అనేవాడు. (కలల సంగతేమో గానీ, మెలకువగా ఉన్నప్పుడు నా ఇంగ్లీషు ఎవరికీ అర్థమయ్యేది కాదు. అది నాకు తెలిసేది కాదు, ఆయనకి అంతకన్నా తెలిసేది కాదు. ఇద్దరం సుఖంగా ఉండేవాళ్లం.) ఆ ఎండాకాలం చాట్రాయి దగ్గర ఒక తోట కాపు కొన్నాం. తోట ఆసామిని వరసకలిపి మావయ్యా అని పిలిచేవాణ్ణి. నేను కోతలు చూసుకోవడానికి అక్కడే మకాం పెట్టాను. రసాలు ఇంకా పక్వానికి రాలేదు గానీ కలెక్టరు కాయలు కోతకొచ్చాయి. కలెక్టరు అంటే మా వైపు ఒక మామిడి రకం అని పైవాళ్లకి చెబితే గానీ తెలియదు. పొడుగ్గా, కొనదేలి, పండినా పులుపు చావకుండా ఉంటుంది. ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ కలెక్టరుని చూసి పెట్టారో నాకు తెలియదు.

మద్రాసు వర్తకుడు బెజవాడలో దిగాడని తెలియగానే పెదనాన్న మా బండివాడితో నాకు కబురు పంపాడు. బండివాడంటే పరాయివాడు కాదు, నా చిన్నప్పట్నుంచీ మా ఇంటి బండి తోలినవాడు, నాకు బండి బాబాయి. విస్సన్నపేట దాటాక రోడ్డు పక్క బడిలో పోలీసు క్యాంపు ఉంది, బడికి సెలవులు కాబట్టి. అక్కడ బండి ఆపి ఎక్కడికని అడిగారు. బండి బాబాయి అబద్ధం ఎరగని మనిషి. పెదనాన్న చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు: “పార్టీ రేపు తోటకి వస్తోంది. వాళ్లకి అన్నం వండించి పెట్టమన్నారు. ముందు కలెక్టర్లని కోసేసి ఉంచమన్నారు, మిగతావాళ్ల సంగతి పార్టీ వచ్చాక చూద్దామన్నారు.” అప్పటికి పోనిచ్చారు, ఆయన నాకు కబురు చెప్పి ఆ సాయంత్రమే వెనక్కి బయల్దేరాడు.

మర్నాడు పొద్దున్న నేను వేపపుల్ల నోట్లో పెట్టుకుని తోటలో తిరుగుతుంటే నాలుగువైపులనుంచీ తుపాకులు కనిపించాయి. మావయ్య గుడిసెలోంచి పరిగెత్తుకొచ్చి, “ఏంటండీ, ఏంటండీ ఇది?” అంటూనే ఉన్నాడు, వీపు మీద ఒకటి పడింది. వండించి పెట్టిన అన్నం గుండిగలు చూసి వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. (మద్రాసు పార్టీ భోజనప్రియుడని పెళ్లికి వండినట్టు వండించాను.) చెట్టు కింద కోతగాళ్ల కత్తులు వరసగా పెట్టి ఉన్నాయి. ఇంకేం కావాలి? మా ఇద్దర్నీ లారీ ఎక్కించారు.

క్యాంపులో ఆఫీసరు బడిపంతులుగారి కుర్చీలో కూచుని ఉన్నాడు. గోడకి జేరబడి బండి బాబాయి కనిపించాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఉండాల్సిన తీరులో లేదు. సగం తెలుగు వచ్చిన హెడ్డు కానిస్టేబులు ముందుకొచ్చి మావయ్యని అడగబోతుంటే, నేను గుండె చిక్కబట్టుకుని, “సార్, ఐ నో ఇంగ్లీష్” అన్నాను. మావయ్య నావైపు ఎంత ఆశగా చూశాడో ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది.

“వేర్ ఈజ్ ద పార్టీ?” అన్నాడు ఆఫీసరు.

“కమింగ్ సార్. ఎవ్రీ ఇయర్ కమింగ్” అన్నాను, ఏటా వచ్చే పాత ఖాతా అని అర్థం వచ్చేలా.

“హూ ఈజ్ ఫీడింగ్ దెమ్?”

“వీ ఓన్లీ సార్. ఫుల్ మీల్స్.”

ఆఫీసరు కుర్చీలో ముందుకి జరిగాడు. “అండ్ ద కలెక్టర్?”

“కట్ సార్” అన్నాను. కట్ అన్న మాటకి భూతకాలం కూడా కట్టేనని మా ఇంగ్లీషు మాస్టారు బెత్తంతో నేర్పారు. ఆ మాట సరిగ్గా పడిందన్న సంబరంలో మామిడి అన్న మాట చెప్పడమే మర్చిపోయాను. పైగా, “టుడే సమ్ కట్, టుమారో ఆల్ కట్. వెరీ సోర్ సార్. సాల్ట్ అండ్ చిల్లీ పుటింగ్, దెన్ ఈటింగ్” అని కూడా జోడించాను.

చెంప మీద పడ్డ దెబ్బకి కాసేపు ఏమీ వినపడలేదు. మావయ్య మాత్రం చేతులు జోడించి, “మావాడు అన్నీ నిజాలే చెప్పాడు బాబూ, వాడు ఏం చెప్తే అదే మా మాట” అంటూ మొత్తం ఒప్పేసుకున్నాడు.

మమ్మల్ని ముగ్గుర్నీ ఒక తరగతి గదిలో పడేసి తలుపు వేశారు. అక్కడ అప్పటికే ఒకతను ఉన్నాడు. ముసునూరు దగ్గర పల్లెవాడట, ఇరవై అయిదు దాటవు. కళ్లజోడులో ఒక అద్దం లేదు. పెదవి చిట్లి వాచిపోయింది. ఎన్నాళ్లనుంచి ఉన్నాడో అడగలేదు. మా వైపు అందరూ గొంతు తగ్గించి చెప్పుకునే ఆ పార్టీ మనిషని మాత్రం అర్థమైంది. ముందు భయపడి దూరంగా కూచున్నాను. అతనే కుండలో మిగిలిన కాసిని నీళ్లు బండి బాబాయి చేతికి తడిపిన గుడ్డ చుట్టడానికి ఇచ్చాడు. “మిమ్మల్నెందుకు తెచ్చారు?” అన్నాడు. ఏడుపు ఆపుకుంటూ జరిగింది జరిగినట్టు చెప్పాను. మద్రాసు వర్తకుడు, అన్నం గుండిగలు, కలెక్టరు కాయలు, నా ఇంగ్లీషు. వింటూ వింటూ అతను పక్కటెముకలు పట్టుకున్నాడు. నొప్పి వచ్చిందేమోనని ఆగాను. నవ్వుతున్నాడు.

“ఉప్పూ కారం చల్లుకుని తింటామన్నావా?”

“అన్నానండీ.”

“పుల్లగా ఉంటాడన్నావా?”

“అన్నానండీ.”

“ఒరే తమ్ముడూ, ఆపరా, నవ్వితే ప్రాణం పోతోంది” అని గోడకి తల ఆన్చి మళ్లీ నవ్వాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి. మావయ్య కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నాకు రోషం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ బడి గదిలో అంత దెబ్బలు తిని అందరం నవ్వుతుంటే కాపలావాడు తలుపు దబదబా బాదాడు. బండి బాబాయి ఒక్కడే నవ్వలేదు.

మధ్యాహ్నం ఎండలో ఇంకో గొడవ జరిగింది. మద్రాసు వర్తకుడు జట్కా కట్టించుకుని తోటకి వెళ్లి, ఎవరూ లేకపోయేసరికి దారినపోయేవాళ్లని అడుగుతూ అడుగుతూ క్యాంపుకే వచ్చేశాడు. లావుపాటి మనిషి, పట్టు అంచు పంచె, చేతిలో గొడుగు. ఎవరు నువ్వని కాపలావాడు గద్దిస్తే దర్జాగా, “నాన్ దా పార్టీ” అన్నాడట. అంటే నేనే పార్టీని అని. రెండో నిమిషంలో గొడుగు లేకుండా మా గదిలో వచ్చి పడ్డాడు. నన్ను చూసి, “మీ పెదనాన్న ఇదేం మర్యాదండీ” అన్నాడు పాపం.

సాయంత్రం అవుతుండగా పెదనాన్న వచ్చాడు. వెంట ప్లీడరుగారు, ఒక గంప కాయలు. ప్లీడరుగారి ఇంగ్లీషు మొదలవకముందే పెదనాన్న ఒక కాయ తీసి ఆఫీసరు బల్ల మీద పెట్టి, వంగి దణ్ణం పెట్టి, “ఈయనేనండీ కలెక్టరు” అన్నాడు. ప్లీడరుగారు వివరించారు. ఆఫీసరు కాయని అటూ ఇటూ తిప్పాడు. కత్తి తెప్పించి ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు, ముఖం వంకర తిరిగింది. అప్పుడు నవ్వాడు. ఆయన నవ్వాక పోలీసులందరూ నవ్వారు. “యూ షుడ్ హావ్ సెడ్ మ్యాంగో” అని నావైపు వేలు ఊపాడు. తప్పు నాదేనన్నమాట. బండి బాబాయి చెయ్యి సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్లీడరుగారు ఎత్తబోతే పెదనాన్న ఆయన కండువా పట్టుకుని లాగాడు.

బయటికి వస్తూ కిటికీ దగ్గర ఆగాను. కళ్లజోడు అతను లేచి నిలబడబోయాడు, గోడ పట్టుకున్నా కాళ్లు నిలవలేదు, మళ్లీ కూలబడ్డాడు. చెయ్యి ఎత్తి, “మీ పార్టీకి నా నమస్కారం చెప్పు తమ్ముడూ” అన్నాడు. పెదనాన్న రెక్క పట్టుకుని బండెక్కించాడు.

ఆ వారంలోనే తెలిసింది, క్యాంపునుంచి పారిపోతుంటే అతన్ని కాల్చేశారని. పారిపోతుంటే అన్న మాట విని నేను అన్నం ముందునుంచి లేచిపోయాను. బండి బాబాయి చెయ్యి కట్టు విప్పాక కూడా వంకరగానే ఉండిపోయింది, ఎడమచేత్తోనే ఎడ్లని తోలడం నేర్చుకున్నాడు. ఎవరు ఏ కబురు పంపినా, “నాకు చెప్పొద్దు బాబూ, మీరే వెళ్లి చెప్పుకోండి” అనేవాడు. మద్రాసు వర్తకుడు మళ్లీ మా వైపు రాలేదు. పెదనాన్న మండీలో పార్టీ అన్న మాట నిషేధించి, కొనుగోలుదార్లని ‘చుట్టాలు’ అనమన్నాడు. దాంతో చుట్టాలొచ్చారన్నప్పుడల్లా పెద్దమ్మ పప్పు నానబోసేది. ఒక సీజను గడిచేసరికి ఇల్లు గుల్లయ్యేలా ఉందని ఆ మాట కూడా మానుకున్నాం.

ఆ ఏడే, కాపు అయిపోయే రోజుల్లో మండీకి ఒక ముసలావిడ వచ్చింది. చేతిలో చిన్న గుడ్డసంచి తప్ప ఏమీ లేదు. ముసునూరు వైపునుంచి నడిచి వచ్చానంది. “క్యాంపులో మావాడితో ఒక పూట ఉన్న బాబు ఇక్కడున్నాడటగా?” అంది. పెదనాన్న అటూ ఇటూ చూసి, లోపలికి తీసుకెళ్లి మంచినీళ్లిచ్చాడు. ఆవిడ నా ఎదురుగా నేలమీద కూచుంది. “మావాడు ఏమన్నా చెప్పాడా బాబూ? నన్ను తలుచుకున్నాడా?”

తలుచుకోలేదు. అబద్ధం చెబుదామనుకున్నాను. ఆవిడ ముఖం చూస్తే నోరు రాలేదు. “నవ్వాడమ్మా” అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. నాకు వేరే దారి లేక మొదట్నుంచీ చెప్పాను, అన్నం గుండిగలూ, కట్ సార్, పుల్లగా ఉంటాడు సార్, ఉప్పూ కారం, అంతా. ఆవిడకి ఇంగ్లీషు ముక్కలన్నీ తెలుగులో విడమర్చాను. కలెక్టరుని కోసుకుని తింటామన్న దగ్గర ఆవిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, అడగలేదు. కాసేపటికి చెంగు తీసి, “బాగా నవ్వాడా?” అంది.

“బాగా నవ్వాడమ్మా. తమ్ముడూ ఆపరా అన్నాడు.”

“అంతే, వాడు చిన్నప్పట్నుంచీ అంతే. నవ్వు మొదలెడితే ఆపలేడు” అంది. మళ్లీ ఒకసారి చెప్పమంది. ఈసారి ఆఫీసరు లాగా, నాలాగా గొంతులు మార్చి చెప్పాను. పెదనాన్న గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. ఆయన కోప్పడలేదు.

ఇప్పటికి ఎన్నో చోట్ల ఇంగ్లీషు మాట్లాడాను, సభల్లో కూడా మాట్లాడాను, జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. అంత శ్రద్ధగా విన్నవాళ్లు మాత్రం మళ్లీ దొరకలేదు. చెంప వాచిపోయి, ‘కట్ సార్’ అంటూ నిలబడ్డ ఆ పిచ్చివెధవ గుర్తొస్తే నవ్వొస్తుంది. వాణ్ణి ఏమీ అనాలనిపించదు.